ఎడమచేతి కూడికలు

మా అమ్మాయికి ఎడమచేతికి ఆరు వేళ్లు. చిటికెనవేలి పక్కనే ఇంకొకటి, కాస్త పొట్టిగా, గోరుతో సహా ఉంటుంది. అన్నిటిలాగే ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. పుట్టినప్పుడు విజయనగరంలో డాక్టరు చూసి, ఇబ్బందేమీ లేదు, ఉంచుకోవచ్చు, వద్దనుకుంటే చిన్న ఆపరేషన్‌తో తీసేయొచ్చు అన్నాడు. ఉంచుతానన్నాను. మా ఆయన సరేనన్నాడు. మా ఆడపడుచు ఒక్కర్తే ఒప్పుకోలేదు. బొబ్బిలి నుంచి వచ్చినప్పుడల్లా పిల్ల చెయ్యి తిప్పి చూసి, రేపు సంబంధాలు చూసేటప్పుడు తెలుస్తుందిలే అనేది. ఉయ్యాల్లో ఉన్న పిల్లకి సంబంధాలేమిటని నేను నవ్వేసేదాన్ని.

యూకేజీలో వేశాక నవ్వు రాలేదు. ఒకరోజు స్కూలు వదిలే వేళకి టీచరు నన్ను గేటు దగ్గరే ఆపింది. కూడికలు రావడం లేదంది. రెండూ ఐదూ ఎంతంటే ఎనిమిది అంటోందట, మూడూ ఐదూ తొమ్మిదంటోందట. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. ఇంకో ఏడాది యూకేజీలోనే కూర్చోబెడితే మంచిదని, చుట్టూ తల్లులందరూ వింటుండగానే చెప్పింది. మా అమ్మాయి బ్యాగు భుజానికి వేసుకుని, ఎడమచెయ్యి గౌను మడతల్లో దాచుకుని నిలబడింది.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆ సాయంత్రం మిషను మీద గుడ్డలన్నీ పక్కకి నెట్టి, బొత్తాల డబ్బా ముందు పెట్టి కూర్చోబెట్టాను. ఇటు మూడు బొత్తాలు, అటు ఐదు. కలిపి ఎన్నంటే టకటకా లెక్కపెట్టి ఎనిమిదంది. రెండూ ఐదూ ఏడంది. ఒక్కటి తప్పలేదు. డబ్బా మూత పెట్టి, ఊరికే నోటితో అడిగాను. మూడూ ఐదూ? రెండు చేతులూ మిషను కిందికి పోయాయి. కాసేపటికి, తొమ్మిది అంది.

"సేతులు పైకి తీసి సేసి సూపించు" అన్నాను.

కుడిచేతి వేళ్లు మూడు లేపింది. తర్వాత ఎడమచెయ్యి మొత్తం ఒక్కసారే తెరిచింది. అప్పుడు ఒక్కొక్క వేలూ ముక్కుకి తాకించి లెక్కపెట్టింది. తొమ్మిదే వచ్చింది.

"ఐదంటే సెయ్యంతా తెరవమన్నాది కదమ్మా టీచరు" అంది.

దాని లెక్క తప్పు కాదు. చెప్పినట్టే చేసింది, సరిగ్గానే లెక్కపెట్టింది. మరి టీచరు ఎలా చూడలేదని అడిగితే, బెంచీ కింద పెట్టి చేస్తానంది. ఎందుకంటే, పైన పెడితే అందరూ చూస్తారు కదా అంది. ఏడుస్తూ చెప్పలేదు. వాన వస్తే గొడుగు వేసుకుంటాం కదా అన్నంత మామూలుగా చెప్పింది.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. సంగతి విని, "సూసినావా, ఆఖరికి సదువుకి కూడా అడ్డొస్తన్నాది. సెలవులకి విశాపట్నం తీసుకెళ్లి తీయించీండి" అంది. మా ఆయన తల వంచుకున్నాడు. ఒకసారి డాక్టర్ని అడిగితే పోలేదా అని నా వైపు చూశాడు.

"లెక్క తప్పొచ్చిందని వేలు కోయించను. లెక్క నేర్పిస్తాను" అన్నాను. ఆడపడుచు ఆ పూట అన్నం సగంలోనే లేచింది. నేను బతిమాలలేదు.

మర్నాడు పిల్ల రెండు చేతులూ మిషను మీద చాపించి లెక్కపెట్టించాను. పదకొండు. అందరికీ పదే ఉంటాయని, దానికి ఒకటి ఎక్కువని చెప్పాను. ఎక్కువా అని రెండుసార్లు అడిగింది, చాలా ముచ్చటపడింది. ఐదు కావాల్సి వచ్చినప్పుడు ఎడమచేతి చివరి వేలు ముడిచెయ్యమన్నాను. అది ఒప్పుకోలేదు.

"దాన్నెందుకు ముడవాల? అదేటి సేసింది?"

తనే ఆలోచించి, ఐదుకి కుడిచెయ్యి, ఆరుకి ఎడమచెయ్యి అని తేల్చింది. ఇక మా ఇంట్లో కూడికలకి అంతు లేకపోయింది. హుక్కులు, దారపు ఉండలు, ఇడ్లీ రేకులోని గుంటలు, ఏది కనబడితే అది కలిపాం. పక్కింటివాళ్లు, ఇంత చిన్నపిల్లని అంత రుద్దుతున్నావేంటని అడిగారు. రుద్దడం కాదు, అది ఆడుకుంటోందని చెప్పాను.

తర్వాత స్కూలుకి నేనే తీసుకెళ్లాను. నా ముందు ఒకసారి లెక్కలు అడగమని టీచర్ని కోరాను. పిల్లతో, చేతులు బల్ల మీద పెట్టి చెయ్యమన్నాను. అది నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. మెల్లిగా ఎడమచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

టీచరు ఆ చేతిని చూసింది. మూడూ ఐదూ అడిగింది. ఎనిమిది. ఆరూ ఐదూ అడిగింది. మా అమ్మాయి రెండు చేతులూ బార్లా తెరిచి, లెక్కపెట్టకుండానే పదకొండంది.

నాకు ముందే చెప్పాల్సిందండీ అంది టీచరు. ఏడాది పొడుగునా ఆమె ముందే కూర్చున్న పిల్ల చెయ్యి నేను వచ్చి చూపించాలా అన్నాను. ఆమె, పెద్ద క్లాసుల్లో వేళ్ల మీద చేస్తే ఊరుకోరని చెప్పింది.

"మిగతా పిల్లలు మానేసిన రోజు ఇదీ మానేస్తుంది. అందాకా చెయ్యి బల్ల మీదే ఉంటుంది. యూకేజీలో ఇంకో ఏడాది ఉంచడానికి మాత్రం ఒప్పుకోను" అన్నాను.

ఆమె క్షమించమనలేదు, నేనూ అనిపించుకోవాలనుకోలేదు. ఒకటో తరగతికి పంపింది, అది చాలు.

ఇప్పుడు రెండో తరగతి. పెద్ద కూడికలు కాగితం మీద వేస్తోంది, వేళ్ల అవసరం తగ్గిపోయింది. క్లాసులో ఎగతాళి మాత్రం పూర్తిగా ఆగలేదు. కొన్నిరోజులు మొహం ముడుచుకునే వస్తుంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకింకా సరిగ్గా తెలియదు. పక్కన కూర్చుంటాను, అంతే.

మొన్న రామతీర్థం వెళ్తుంటే బస్సులో పక్క సీటు ఆవిడ దాని చెయ్యి చూసి జాలిపడింది. చిన్నప్పుడే తీయించాల్సిందమ్మా అని నాతో అంది. నేను నోరు తెరిచేలోపే, కిటికీ ఊచని ఆ చేత్తోనే పట్టుకుని, "నాది కదండీ, నేనే ఉంచుకున్నాను" అంది మా అమ్మాయి. పిల్ల మళ్లీ కిటికీలోంచి కొండకేసి చూస్తూ కూర్చుంది.