తలుపు మీది రైటు

తల్లి గర్భంలోనే నన్ను ఎరిగి, ఇంత ముసలితనం దాకా ఎత్తుకొచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ తరువాతే నా మాట.

ఇప్పటికీ ఆదివార బడిలో సుద్దముక్క పట్టుకుంటే చాలు, ఆ పొడి వాసనకు కురవి దగ్గరి మా పల్లె, మా పెద్దబాపు కూతురు రూతక్క కళ్ల ముందుకొస్తాయి. అప్పట్లో మా వాడకు తెలిసిన ఇంగ్లీషు మాట ఒక్కటే, రైటు. లెక్క సరిపోతే పంతులమ్మ పలక మీద రైటు కొట్టేది. పులుసులో ఉప్పు కుదిరితే మా అమ్మ రైటు అనేది. సంతకు పోయే లారీని చేత్తో చరిచి క్లీనరు రైట్ రైట్ అని అరిచేవాడు. మిలిట్రీవాళ్లు లెఫ్ట్ రైట్ అంటూ జొన్నచేన్ల గట్ల మీద నడిచేవాళ్లు. నాకు కావలసింది పలక మీది రైటు. అది ఎప్పుడూ రూతక్కకే పడేది. చెరిగిపోతుందని పలకను ఒంటికి తగలనీయక, నిండుకుండలా రెండు చేతులా పట్టుకొని, సీతాఫలాల కాలంలో కూడా దారిలో ఒక్క పండుకు ఆగకుండా ఇంటికి తెచ్చేది.

"రైటే బిడ్డా! మానుకోట బోర్డింగుకు నువ్వే పోతవు" అనేవాడు పెద్దబాపు. ఉండి చదువుకునే ఆ బడిలోకి మా వాడ నుంచి ఒక్కరినే తీసుకునేవాళ్లు. ఆ మాట విన్న రోజు క్రిస్మస్ సకినాలు కూడా నాకు చేదయ్యేవి.

ఒకనాడు పొద్దున, భూముల కోసం తిరగబడి అడవి పట్టిన సంగం వాళ్లను వెతుకుతూ మిలిట్రీవాళ్లు ఇల్లిల్లూ సోదా చేశారు. చూసిన ఇంటి తలుపు మీద సుద్దతో రైటు గీసి, మా ఇంటి వంతు రాకముందే అన్నాలకు ఆగారు.

"చూసినవానే? మా తలుపు గూడ లెక్క సరిగ్గ చేసింది!" అని రూతక్క నవ్వింది.

ఆ గీత సోదా గుర్తని పెద్దలు అనుకుంటుంటే విన్నాను. అయినా నీళ్లకుండలో చెయ్యి ముంచి, ఎవరూ చూడకుండా దాన్ని తుడిచేశాను.

లోపల పెద్దమ్మ "రైటు పడ్డది, ఇగ రారు" అని ధైర్యంగా సంగం వాళ్లకు జొన్నరొట్టెలు కాల్చి మూట కట్టింది. మధ్యాహ్నం గీత లేని తలుపు చూసి మిలిట్రీవాళ్లు మళ్లీ లోపలికి పోయారు. మూట దొరికింది. పెద్దబాపును తీసుకుపోయారు. కోతలైనాక తిరిగొచ్చాడు కానీ కుడిచెయ్యి వంగేది కాదు. రూతక్క పలక పక్కన పెట్టి కొడవలి పట్టింది. బోర్డింగుకు నేను పోయాను.

నేను పంతులమ్మనయ్యాక, ఒక సెలవుల్లో, కల్లంలో మిరపకాయలు ఎండబోస్తున్న ఆమె దగ్గర ఏడుస్తూ అంతా ఒప్పుకున్నాను.

"నాకెరుకేనే. గా దినమే నీ అరచెయ్యి తెల్లగ ఉండె."

"మరి చెప్పలేదేందక్కా?"

"చెప్తే బాపు చెయ్యి వంగుతదా? నడువు, గా గంప అందుకో."

ఆ క్షమను చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. అదీ ఆమెకే దక్కింది.

ఇప్పుడు ఆ పలకలు లేవు, ఆ తలుపులు లేవు. మొన్న రూతక్క కూడా నాకంటే ముందే ప్రభువు దగ్గరికి పోయింది. చదివేవారు ఒక్క క్షణం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆమె పలక మీద నీవు కొట్టిన రైటును చూసి సంతోషించే మనసు, ఇప్పటికైనా నాకియ్యి. ఆమేన్.