బాపు కొలతల కాగితం

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు దవాఖానకు తీసుకుపొమ్మనే రకం నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నా లెక్కకు అందలేదు.

పంతొమ్మిది వందల తొంభైల్లో మా బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ఆయన మహబూబ్‌నగర్‌లో దర్జీ. వారమంతా హైదరాబాద్ దవాఖానలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని, ఆదివారానికి ఇంటికొచ్చేవాళ్లం. బాపు పొత్తికడుపు మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. పేగుకు, మంచి కండకు కరెంటు తగలకుండా ఆ గీతలను బట్టే సీసం దిమ్మెలు అడ్డం పెడతారు. గీతలు చెరిగితే పేగు కాలే ప్రమాదముందని డాక్టరు నాకు మరీ మరీ చెప్పాడు.

ఒక ఆదివారం బాపు వాటిని కుంకుడు రసంతో శుభ్రంగా తోమేసుకున్నాడు!

"గీతలున్న బట్ట గిరాకికి ఎట్లిస్తం బిడ్డా? సిగ్గు గాదా?" అన్నాడు. నలభై ఏళ్ల అలవాటు మరి. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

"గంత ఫికర్ ఎందుకు? నా కొలతలన్నీ మీ అమ్మ తాన ఉన్నయి" అంటూ రేకు పెట్టె తెరిచాడు. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. పాత పేపర్లతో ఆమె కత్తిరించిన అంగీల, బనీన్ల నమూనాల మధ్య ఒక వింత ముక్క దొరికింది. నలుపలకగా ఉంది, నాలుగు మూలలూ కోసి ఉన్నాయి, పైన ఒక సన్న పట్టీ. మీద అమ్మ రాతలో బాపు పేరు. "గీతలు గిట్లనే ఉండె" అని దాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

సోమవారం దవాఖానలో నిజం చెప్పేశాను. చీవాట్లు తిన్నాను. మళ్లీ ఎక్స్‌రే తీసి, కొలిచి, కొత్తగా గీతలు గీశారు. అప్పుడు బాపు పట్టీ కొసను బొడ్డుకు ఆనించి కాగితం పరిచాడు. నాలుగు వైపులా, మూలలతో సహా, అంచులు సరిగ్గా గీతల మీద పడ్డాయి.

డాక్టరు వంగి చూశాడు. "ఇది ఎవరు కోశారు?"

"మా అమ్మ సార్."

"ఒకసారి రమ్మనండి."

"రమ్మంటే వస్తదా సార్!" అని బాపు పడీపడీ నవ్వాడు.

ఆ పేపరు తేదీ చూశాను. అమ్మ పోకముందుది. అప్పటికి బాపుకు ఏ జబ్బూ లేదు.

బాపు పేగు చల్లగా ఉంది. ఆ తర్వాత పదేళ్లు మిరపకాయ బజ్జీలు లాగించాడు. నేను మాత్రం ఆ కాగితాన్ని దిండు మీద, పీట మీద, రేడియో మీద కూడా పెట్టి చూశాను. దేనికీ సరిపోలేదు. అమ్మ దాన్ని ఏం కుడదామని కోసిందో నాకిప్పటికీ తెలియదు.