గోడ నీడ వంతు

మధ్యాహ్నపు కరెంటుకు ఒక రంగు ఉంటుందని నాకెందుకో నమ్మకం. పలచటి పసుపు, మామిడి గుజ్జు రంగు. బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీకి రెండో షిఫ్టుకు పోయి పోయి పట్టిన పిచ్చి అనుకోండి.

కోడలిగా నేనొచ్చిన ఈ ఇంటికీ, మామ టమోటా చేనికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. చేనికి కరెంటు పగలే ఇస్తారు, అదీ ఉచితం. ఇంటి కరెంటుకేమో మీటరు తిరుగుతుంది. ఎండాకాలం వోల్టేజీ అసలే అంతంతమాత్రం. నా స్కూటరు చార్జింగుకు పెడితే చాలు, చేలో మోటరు మూలుగుతుందని మామ పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేవాడు.

"మోటరు నీళ్లు ఎత్తల్యా. నీ బండి చేని కాడ తగిలించుకో పో. ఆడ కరెంటు ఊరికే గదా," అన్నాడొకసారి.

"అది పైరుకిచ్చింది మామా, తప్పు," అన్నాను. ఒళ్లు మండింది. బండి లేకపోతే షిఫ్టు దిగాక ఇంటికి రావడానికి బస్సు లేదు. రెండుసార్లు నాగా పెడితే ఈ సీజను పనికి ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఆయన పీకిన ప్లగ్గు నా చేతిలో పెట్టి, "అట్లయితే వంతులు పెట్టుకుందాం," అన్నాడు.

వెనకటికి ఆయనా, వాళ్ల అన్నా ఒకే బావి కింద సేద్యం చేసినప్పుడు నీళ్లకు వంతులుండేవట. గోడ నీడ బట్టలుతికే బండను తాకితే ఒకరి వంతు అయిపోయినట్టు. అయిపోయినవాడే తన చేత్తో రెండోవాడి కాలవలోకి నీళ్లు తిప్పాలి. అది మర్యాద.

నవ్వొచ్చినా ఒప్పుకున్నాను. నీడ బండను తాకేదాకా మోటరు, తర్వాత నా బండి. వాకిట్లో కూర్చుని ఆ నీడ పాకడం చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు తూగానో!

ఒకరోజు పొద్దుటినుంచీ కరెంటు రాలేదు. పూత మీదున్న చేను తలలు వేలేసింది. నీడ బండకు బెత్తెడు దూరంలో ఉండగా కరెంటు వచ్చింది. మామ చేనికి పరిగెత్తాడు. మోటరు చప్పుడు విని నా ప్రాణం కుదుటపడింది. ఇవాళ నా పని పోతే పోనీ అనుకున్నాను.

నీడ బండను తాకింది. మోటరు ఆగిపోయింది. బురద కాళ్లతో మామ వచ్చి ప్లగ్గు అందుకున్నాడు.

"చేను ఎండిపోతా ఉండాది మామా, వద్దు!"

"నీ వంతు వచ్చినాది గదమ్మా," అని తన చేత్తోనే తగిలించాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం హైవే మీద పోతున్నంతసేపూ, బండి కింద నీళ్లు పారుతున్న చప్పుడే వినిపించింది.