మావయ్యగారి కాలి కింద బాతు

మా మావయ్యగారు డ్రైవింగు నేర్పుతారు. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో మరిచిపోతే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఏళ్ళ తరబడి ఆ సీట్లో కూర్చున్న మనిషి కాబట్టి, ఎక్కడున్నా ఆయన కుడికాలు ఆ బ్రేకు మీదే ఉంటుంది. మా ఆయన నీళ్ళ గ్లాసు బల్ల అంచున పెడితే బల్ల కింద ఆ కాలు నేలను తొక్కుతుంది. టీవీలో ఎవరైనా నిచ్చెన దిగుతుంటే తొక్కుతుంది. ఈ మధ్యే ఏడాది నిండిన మా పిడుగు సోఫా పట్టుకుని నిలబడితే ఇక చెప్పక్కర్లేదు. ఆయన కుడి చెప్పు ఎప్పుడూ ఎడమదానికంటే ముందే అరిగిపోతుంది. "ఒంటికాలి మీద నడుస్తారా సార్" అని చెప్పుల షాపులో అడిగారట.

ఇదంతా ఇంట్లో నవ్వుకోవడానికి పనికొచ్చే సంగతిగానే ఉండేది, డ్రైవింగు స్కూలు యజమానురాలు ఆయన్ని పిలిచి మాట్లాడేదాకా.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు గేర్లు బాగా వేస్తారు, మలుపులు బాగా తిప్పుతారు సార్. బ్రేకే వేయరు. పరీక్షలో వరసగా తప్పుతున్నారు. వాళ్ళ కాలు లేచేలోపే మీరు తొక్కేస్తే వాళ్ళకి ఎప్పటికి వస్తుంది? ఈసారి వచ్చేవాళ్ళు కూడా తప్పితే మీరు ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకోండి. కారు ఇంకొకరికి ఇస్తాను."

ఆ సాయంత్రం ఆయన కారు తాళాలు మేకుకి తగిలించకుండా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నారు. ఆ కారు లేకపోతే ఆయన ఏమవుతారో మాకెవరికీ తోచలేదు. చేపని తీసి బల్ల మీద పెట్టి ఫోన్లు ఎత్తమన్నట్టే.

అత్తయ్యగారు ఇంటి ముందు గదిలో కర్టెన్లు కుడతారు. మిషను ఆపి, దారం కొరికి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఈసారి నేర్చుకోబోయేది నేనే" అన్నారు.

"నువ్వా?"

"ఏం, కర్టెన్ల మూటలు మోసి మోసి భుజాలు పడిపోతున్నాయి. పైగా మీ పాపానికి పరాయివాళ్ళు బలవడం ఎందుకు, ఇంట్లో నేనుండగా."

"చూడవే, కారంటే కుట్టుమిషను కాదు."

"కాదనే కదా నేర్పమంటున్నాను. మిషనైతే నేనే మీకు నేర్పుదును."

యజమానురాలు సరేనన్నారు. మొదటి పాఠం అయ్యి తిరిగి రాగానే అత్తయ్యగారు నాతో అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను. "కారు నేను నడపలేదమ్మా. నేను చక్రం పట్టుకుని కూర్చున్నాను, ఆయన నడిపారు. కుక్క తోక కనిపిస్తే బ్రేకు. కుక్క కనిపించకపోతే, ఎక్కడుందోనని బ్రేకు."

"కావాలని తొక్కుతున్నానా? తొక్కినట్టు నాకే తెలియట్లేదు" అన్నారు మావయ్యగారు. ఆ మాటలో హాస్యం లేదు.

నాకు అక్కడే ఒక దారి కనిపించింది. నేను చదివింది రసాయనశాస్త్రం, పని చేసేది నీళ్ళు పరీక్షించే ల్యాబులో. తెలియకుండా జరిగేదాన్ని ముందు తెలిసేలా చేయాలి, తర్వాతే ఏదైనా. పాప పుట్టాక నా కంగారు చూసి డాక్టరమ్మ, రోజూ కాసేపు కూర్చుని ఊపిరిని గమనించమని చెప్పారు. ఊపిరి గమనించడం నాకు కొత్త కాదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటమే అప్పట్లో నా ఉద్యోగం. నా ఊపిరి గమనించే తీరికే దొరకలేదు.

"మావయ్యగారూ, ధ్యానం చేసి చూద్దామా?"

"నా ఒంట్లో మునీశ్వరుడెవరూ లేడమ్మా."

"ముని అక్కర్లేదు. కాలుంటే చాలు" అని, పాప ఆటబొమ్మల బుట్టలోంచి రబ్బరు బాతు తెచ్చి ఆయన కుడికాలి కింద పెట్టాను. నొక్కితే అది కీచుమని అరుస్తుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడం చూడమన్నాను. ఎదురుగా నేనూ కూర్చున్నాను.

బాతు అరిచింది.

"ఏం గుర్తొచ్చింది?"

"వంతెన దగ్గర ఎదురొచ్చిన లారీ."

మళ్ళీ అరిచింది.

"ఇప్పుడు?"

"బాతు అరుస్తుందేమో అనుకున్నాను."

పిడుగు తన బాతు అరుపు విని చప్పట్లు కొట్టి, పాకి వచ్చేసింది. ఆ రోజుకి ధ్యానం అయిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు గాడిన పడలేదు. నేల మీద చాప వేసుకుంటే మోకాళ్ళు పలికాయి. మంచం మీద కూర్చుంటే గురక వచ్చింది. భోజనమయ్యాక అనుకుంటే ఫోను, సాయంత్రం అనుకుంటే పాప స్నానం. ఒక పూట కుదిరితే రెండు పూటలు మరిచిపోయేవాళ్ళం. కుదిరిన పూట కూడా ఆయన చెమటలు కక్కేవారు.

"ఆలోచన వచ్చింది, బ్రేకు వేశాను. దాని వెనక ఇంకొకటి వచ్చి గుద్దింది. దాని వెనక ఇంకొకటి. బుర్రంతా ట్రాఫిక్ జామే" అన్నారు ఒకరోజు.

నేను చదివిన వ్యాసాల్లో దీనికి జవాబేదో ఉండే ఉంటుంది. నేను వెతికేలోపే అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి కర్టెను మడతపెడుతూ అన్నారు, "వెనకవాడు తొందరపడుతుంటే ఏం చెయ్యమని చెప్పారు నాకు మొన్న?"

"పక్కకు తీసి దారివ్వమన్నాను."

"మరి మీరూ ఇవ్వండి."

ఆయన నడుము నిటారు చేసుకున్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఈసారి బాతు అరిచినా ఆయన మొహం చిట్లించలేదు. కాలు మెల్లగా తేలిక చేశారు. బాతు గాలి పీల్చుకుని మళ్ళీ లావైంది. లారీకి దారిచ్చారన్నమాట.

చోటు కూడా ఆయనే కనిపెట్టారు. రోజూ పొద్దున్నే మొదటి పాఠానికి ముందు కారు అద్దం తడిగుడ్డతో తుడవడం ఆయనకి ఎన్నాళ్ళుగానో అలవాటు. జ్వరమొచ్చినా ఆ పని మానరు. అద్దం తుడిచాక అదే కారులో, పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంజను ఆపి ఉంటుంది, కాలి కింద బాతు. గుడ్డ పిండి ఆరేస్తే ఇక కూర్చోవాలని ఒంటికే తెలిసిపోయింది. పాఠం మొదలయ్యే ముందు బాతు డ్యాష్‌బోర్డు ఎక్కేది. నిజం బ్రేకు దగ్గర బొమ్మల్ని ఆయన ఉండనివ్వరు.

ఒకరోజు పొద్దున ఆయన నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి వచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చోవడం చూసి, బండి మొరాయించిందనుకుని, పక్కింటాయన, పాలాయన కలిసి వెనక నుంచి తోశారట.

"హ్యాండ్ బ్రేకు తీయండి సార్, మేం తోస్తాం అంటాడు పాలాయన. ధ్యానం చేసుకుంటున్నానయ్యా అన్నాను. ధ్యానం తర్వాత, ముందు స్టార్టు చేద్దాం అంటాడు పక్కింటాయన. కారు ఉయ్యాలలా ఊగిపోతోంది."

"అయ్యో, మరి మీరేం చేశారు?" అని అడిగాను.

"అదే చెప్తున్నాను. బాతు అరవలేదమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం, పళ్ళు వచ్చిన కొత్తలో మా పిడుగు మొహంలా ఉంది.

పరీక్షకి ముందు చివరి పాఠానికి నన్నూ రమ్మన్నారు. పాపని మా ఆయనకి అప్పగించి వెనక సీట్లో కూర్చున్నాను. అత్తయ్యగారు కుట్టుమిషను మీద వంగినట్టే చక్రం మీద వంగి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నడుపుతున్నారు. కూరగాయల సందు దాటుతుండగా, కాస్త దూరంలో గోడ మలుపు చాటు నుంచి ఒక తోపుడు బండి ముక్కు బయటికి వచ్చింది. నేను మావయ్యగారి కాలు చూశాను. బ్రేకు మీదకు వెళ్ళింది. వెళ్ళి, దాని మీద సీతాకోకచిలుక వాలినట్టు ఉండిపోయింది. ఆయన ముక్కులోంచి పెద్ద ఊపిరి ఒకటి మెల్లగా బయటికి వచ్చింది.

కారు ఆగింది. తోపుడు బండి తాపీగా రోడ్డు దాటింది.

"ఏమండీ, మీరు తొక్కారా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"లేదే. నువ్వే ఆపావు."

ఆవిడ చక్రం మీద రెండు చేతులూ పెట్టి, వెనక హారన్లు మోగుతున్నా కదలకుండా, నవ్వారు. ఆయనా నవ్వారు. "దారివ్వు, దారివ్వు, వెనకవాళ్ళు తిడుతున్నారు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

పరీక్ష రోజు పక్క సీట్లో అధికారి కూర్చున్నాడు. మేమిద్దరం మైదానం బయట బెంచీ మీద కూర్చున్నాం. తాళాలు లేని గుప్పిళ్ళు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. అత్తయ్యగారు ఎత్తు ఎక్కి దిగారు, వంకర దారి తిరిగారు, చివర తెల్లగీత దగ్గర, గుడ్డ అంచు మీద కుట్టు ఆపినంత కచ్చితంగా ఆపారు. అధికారి తల ఊపి ఏదో రాశాడు. ఆవిడ అద్దం దించి మా వైపు బొటనవేలు చూపించారు.

"కళ్ళు తెరవండి మావయ్యగారూ. కారు మీదే."

ఆయన వెంటనే తెరవలేదు. ఇంకో ఊపిరి పూర్తిగా తీసుకుని, వదిలి, అప్పుడు తెరిచారు.

తిరుగు దారిలో అత్తయ్యగారు ఆయన్ని పక్క సీటు ఎక్కనివ్వలేదు. "అక్కడ నా సంచీ కూర్చుంటుంది" అన్నారు. ఆయన నా పక్కన, వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నారు. కూడలి దగ్గర ఎదురుగా బస్సు తిరుగుతుంటే కీచుమని బాతు అరిచింది.

అత్తయ్యగారు అద్దంలోంచి ఉరిమి చూశారు. "ఏమండీ."

"నేను కాదు" అన్నారు ఆయన, రెండు కాళ్ళూ పైకెత్తి చూపిస్తూ.

డ్యాష్‌బోర్డు మీద ఉండాల్సిన బాతు ఎప్పుడు పడి, ముందు సీటు కింద నుంచి వెనక్కి దొర్లిందో, నా కుడికాలి కింద ఉంది.

ఇప్పుడు పొద్దున్నే ఆయన అద్దం తుడుస్తుంటే ఆ చప్పుడుకే నేను వెనక సీటు ఎక్కుతాను. పాప ఒక్కోరోజు నా ఒళ్ళో ఉంటుంది, ఒక్కోరోజు ముందు సీట్లోకి పాకుతుంది, పాకనిస్తాను. పాలాయన తోయడం మానేశాడు. వెళ్తూ వెళ్తూ అద్దంలోంచి చూసి, "ఇవాళ ఎన్ని అరుపులు?" అని సైగ చేస్తాడు. మావయ్యగారు నా వైపు వేలు చూపిస్తారు. బాతు నాకు బదిలీ అయింది.