రికార్డులో లేని ఐదో పాట

దయ్యం తిరుగుతుందని పేరుపడిన ఇళ్ళ ముందు కూడా పెళ్ళి బ్యాండు వాయించి, అక్కడే భోంచేసి, ఆ అరుగు మీదే పడుకొని లేచి వచ్చినవాణ్ణి నేను. అలాంటి కబుర్లు ఎప్పుడూ లెక్కచేయలేదు. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని ఒప్పించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. విన్నది నేనొక్కణ్ణే కాదు, ముగ్గురం.

మాది రాయచోటి దగ్గర పల్లె. మా ఇంట్లో మగవాళ్ళందరికీ బ్యాండే బతుకు. మా అన్న దస్తగిరిది ట్రంపెట్, నాది సాక్సోఫోన్. పదకొండేళ్ళ కిందట నేను డ్రైవర్ వీసా మీద కువైట్ వచ్చేశాను. అన్న ఊళ్ళోనే బ్యాండు నడిపాడు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

ఆఖరి రోజుల్లో ఆయన ఒక పాట కడుతూ ఉండేవాడు. మాటలుండవు, ఉత్త ట్యూనే. కూతురు పర్వీన్ పెళ్ళి ఊరేగింపులో వాయించాలని. కాస్త కాస్త కట్టినప్పుడల్లా ఫోన్లో నాకు వినిపించేవాడు. ఆ ట్యూను మెట్లెక్కినట్టు పైపైకి పోయి, కిందికి దిగాల్సిన చోట ఆగిపోయేది.

"కొస ఇంకా దొరకలేదురా బాషా," అనేవాడు. దొరక్కుండానే వెళ్ళిపోయాడు.

ఈ ఏడు పర్వీన్‌కి సంబంధం కుదిరింది. పెళ్ళి పది రోజులుందనగా ఫోన్ చేసింది.

"చిన్నాయనా, ఊరేగింపులో నాయన పాటే కావాల. సగంలో నిలిపేట్టయితే మాత్రం వద్దు. నాకు ఏడుపొస్తాది," అంది.

మా క్లారినెట్ హుసేనప్ప మామ అప్పటికే నాలుగైదు రకాలుగా కొస కట్టి చూశాడు. ఏది పెట్టినా అతికించినట్టే ఉంది. ఆ ట్యూను అందరికంటే ఎక్కువసార్లు విన్నది నేనే కాబట్టి, నువ్వే ఏదో ఒకటి చెయ్యమన్నారు. నాకు సెలవు దొరకలేదు. అన్న పోయినప్పటి నుంచి నేను వాయిద్యం ముట్టలేదు. ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు.

నేను పని చేసేది డెబ్బై దాటిన ఒక కువైటీ పెద్దాయన దగ్గర. బాబా అని పిలుస్తాం. వయసులో అమెరికాలో చదువుకున్నాడట. అక్కడి నుంచి తెచ్చుకున్న గ్రామఫోన్ రికార్డులన్నీ నగరం బయట ఎడారిలో, కబ్ద్ అనే చోట ఆయన ఫామ్‌హౌస్‌లో ఉన్నాయి. శుక్రవారం నమాజూ భోజనమూ అయ్యాక అక్కడికి తీసుకెళ్తాను. వంట చేసే ఈశ్వరమ్మ కూడా వస్తుంది. ఆమెది కడప పక్కన.

ఆ శుక్రవారం బాబా ఒక రికార్డు బయటికి తీశాడు. అట్ట మీద తొమ్మిదిమంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఐదుగురి చేతుల్లో ట్రంపెట్లు, ట్రాంబోను, సాక్సోఫోన్లు. రిథమ్ అండ్ బ్లూస్ అంటారని బాబా చెప్పాడు. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. అనవసరంగా ఎవరో ఒకరు ఆ రికార్డు వెతుక్కుంటూ పోవడం నాకు ఇష్టం లేదు.

మొదటి పాటకే నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ ఊదుడు మా వాళ్ళదే అనిపించింది. బజారు మలుపులో అందరం ఒక్కసారి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది. టీ గ్లాసులు పట్టుకుని నిలబడినవాణ్ణి కదలలేకపోయాను. బాబా నవ్వి, కూర్చోమని సైగ చేశాడు.

రెండో వైపు నాలుగు పాటలు. అట్ట మీద నాలుగు పేర్లే ఉన్నాయి, రికార్డు మీద పాటల పట్టీలు లెక్కపెట్టినా నాలుగే. నాలుగోది అయిపోయింది. సూది తనంతట తాను పైకి లేవాలి. లేవలేదు. ఒక ట్రంపెట్ ఒంటరిగా మొదలైంది.

మా అన్న పాట.

మొదటి రెండు వరసలకే గుర్తుపట్టాను. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. భయం కాదది. ఊరి నుంచి ఎవరో చెప్పాపెట్టకుండా వచ్చి ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ట్యూను పైకి పోయింది. ఆగే చోటికి వచ్చింది. ఆగలేదు. ట్రాంబోనూ సాక్సోఫోన్లూ కలిశాయి, అన్నీ కలిసి కిందికి దిగాయి. ఇంతేనా, ఇంత సులువా అనిపించేలా దిగాయి.

ఎక్కడైనా రేడియో మోగుతోందేమోనని లేచి స్పీకర్ మీద అరచెయ్యి ఆనించాను. చేతికి అదురు తగిలింది. బాబా కూడా సోఫాలోంచి లేచి, అట్ట తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఈశ్వరమ్మ వంటగది గడపలో నిలబడి పాటకు తగ్గట్టు తలాడిస్తోంది. ఫోన్లో రికార్డు చేయాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. పాట అయిపోయింది, సూది లేచింది.

నలభై ఏళ్ళుగా వింటున్నాను, ఈ పాట ఇందులో లేదు వల్లా, దేవుడి తోడు, అన్నాడు బాబా. మళ్ళీ పెట్టాడు. నాలుగు పాటలే వచ్చాయి. మూడోసారి పెట్టినా అంతే. ఇదే రికార్డు ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి అడిగాడు. ఆయన దగ్గరా నాలుగే. చుట్టుపక్కల పొలాల్లో ఎవరైనా వాయిస్తున్నారేమోనని బయటికి వెళ్ళి చూశాను. ఎండ, ఇసుక, మూడు ఒంటెలు.

కంగారులో కొస నా తలలోంచి జారిపోయింది. ఎంత తడుముకున్నా రాలేదు. వంటగదిలోకి వెళ్తే ఈశ్వరమ్మ పళ్ళెం కడుగుతూ ఆ కొసే కూనిరాగం తీస్తోంది. ఆమె మా అన్నను చూడలేదు. నేను ఆ పాట గురించి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

"అక్కా, ఇంకోసారి అను," అన్నాను.

"నాకు పాటలు రావు బాషన్నా. ఇందాక ఇన్యాను గదా, నోట్లోనే తిరగతా ఉండాది," అంది. ఆమె పాడింది పాడినట్టు ఫోన్లో రికార్డు చేసి హుసేనప్ప మామకు పంపాను.

మరుసటి రోజు మామ ఫోన్ చేశాడు. బ్యాండువాళ్ళు ఆ కొసను అన్న ట్రంపెట్ మీదే వాయించి చూశారట. దాని మూడు మీటల్లో నడిమిది చాన్నాళ్ళుగా పట్టేసేదట. బాగు చేయించే ఓపిక లేక, అది నొక్కే అవసరం లేకుండా అన్న స్వరాలు మార్చుకుని వాయించేవాడట. ఆ సంగతి నాకు తెలియదు.

"ఈ కొసకు నడిమి మీట ఒక్కసారి గూడా నొక్కే పని లేదురా. ఎవురు కట్నారు దీన్ని?" అన్నాడు.

రికార్డులో విన్నానని చెప్పాను.

పెళ్ళి రోజు మధ్యాహ్నం కారు పక్కకు ఆపుకుని ఫోన్లో ఊరేగింపు చూశాను. పాట పూర్తిగా వాయించారు. పర్వీన్ ఏడవలేదు. చేతులెత్తి తాళం వేసింది. కారులో ఒక్కణ్ణే కూర్చుని స్టీరింగ్ మీద నేనూ దరువేశాను.

ఈశ్వరమ్మ చెవి మంచిది కాబట్టి గుర్తుంచుకుంది, సరే. కానీ ఏం విని గుర్తుంచుకుంది? కడలి అవతలి బ్యాండు ఎప్పుడో ఊదిన రికార్డులోకి మా అన్న ట్యూను ఎలా వచ్చింది? చదువుకున్నవాళ్ళను ఇద్దరిని అడిగాను. నీ మనసులోదే విన్నావన్నారు. మరి బాబా మనసులో, ఈశ్వరమ్మ మనసులో అది ఎవరు పెట్టారు?

ఇప్పటికీ శుక్రవారాలు బాబా ఆ రికార్డు పెడతాడు. నాలుగో పాట అయిపోయాక, సూది లేచేదాకా మా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడం.