చిన్నత్త చెప్పని సాక్ష్యం

మొన్న ఆదివారం మా గుడిలో ఒక సోదరి లేచి, నెలరోజుల జ్వరాన్ని దేవుడు తీసేశాడని సాక్ష్యం చెప్పింది. ఆరాధన అయ్యాక ఆమెను ఆపి, "రక్తపరీక్ష చేయించావామ్మా?" అన్నాను. అవిశ్వాసిని చూసినట్టు చూసింది.

ఆ మాట నేను ఒకప్పుడు మా చిన్నత్తను అడగాల్సింది. తొంభైల చివర్లో, భీమవరం దగ్గర మా ఊళ్లో, నాన్నగారి చెల్లెలు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. ఎంత కడిగినా చేతుల వాసన పోదని గుడిలో ఇచ్చే సంస్కారపు రొట్టె అందుకోవడానికి సిగ్గుపడేది. సాక్ష్యానికి మాత్రం సిగ్గులేదు. ఆవిడ లేచిందంటే పాస్టరుగారు ప్రసంగం సగానికి కుదించుకోవలసిందే. ఒకసారి రొయ్య ముల్లు గుచ్చుకుని వేలు ఊదారంగుకు తిరిగి వాచింది. వాపు తగ్గింది గాని, కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది. వీధిలోని ఆరెంపీగారు సూది వేస్తే తగ్గింది. వెంటనే సాక్ష్యం చెప్పమన్నది నేనే. సండేస్కూలు మాస్టర్ని కదా, బాగుపడిన పదిమంది కుష్ఠరోగుల్లో ప్రభువుకు కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చినవాడు ఒక్కడేనని గుర్తుచేశాను. చెప్పింది. ఆ తర్వాత జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ గుట్టుగా సూది వేయించుకునేది.

జ్వరానికి తోడు ఆయాసం కూడా పట్టుకుని ముదిరాక రాజమండ్రి తీసుకెళ్లాను. డాక్టరుగారు గుండె చప్పుడు చాలాసేపు విని, కవాటానికి ఇన్ఫెక్షన్ పట్టిందేమోనన్నారు.

"జ్వరం వచ్చిపోతోందా అమ్మా? ఇంజెక్షన్లేమైనా చేయించారా?"

"లేదండి. దేవుడు బాగుచేశాడండి."

రెండ్రోజుల కిందటే ఆవిడ ఆరెంపీగారింటి నుంచి రావడం నేను చూశాను. నోరు మెదపలేదు. బయటికొచ్చాక, "అదేంటత్తా?" అంటే, "ఒరేయ్, మళ్లీ జ్వరమొచ్చిందంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదట్రా?" అంది.

రెండు చేతుల నుంచీ రక్తం తీసి పరీక్షకు పెట్టారు. వారమైనా అందులో ఏ క్రిమీ పెరగలేదు. మామూలుగా వాడే ఖరీదైన మందు మొదలుపెట్టారు, జ్వరం దిగలేదు. అప్పుడు వెళ్లి అంతా చెప్పాను. డాక్టరుగారు కోప్పడలేదు. "సూదిమందు క్రిమిని అణిచిపెట్టింది. ఆవిడ ఏం పని చేస్తారు?" అన్నారు. రొయ్యలనగానే మళ్లీ రక్తం తీయించి, సీసాలు రెండు వారాలదాకా పారేయొద్దని ల్యాబుకు చెప్పారు. ఈసారి క్రిమి పెరిగింది. చేపల్లో, రొయ్యల్లో ఉంటుందట. మనుషుల గుండెకు పట్టడం బహు అరుదట. మేం వాడుతున్న మందు దాన్ని తాకనైనా తాకదట. పాతకాలపు పెన్సిలిన్‌కు చస్తుందట.

మందు మార్చారు. జ్వరం దిగింది. "ఈసారి సాక్ష్యంలో సూది సంగతి కూడా చెప్తాన్రా" అంది చిన్నత్త. కానీ కవాటం అప్పటికే చిరిగిపోయింది. మూడోనాడు, కవాటం మార్చే ఆపరేషన్‌కు తీసుకెళ్లేలోపే ప్రభువు పిలుచుకున్నాడు.

ఆవిడ చెప్పకుండా మిగిల్చిన ఆ సాక్ష్యాన్ని ఇన్నేళ్లుగా నేనే చెబుతున్నాను. నేను నోరు మూసుకుని పోగొట్టిన ఆ రోజుల్ని మాత్రం ఏ ప్రార్థనలోనూ తిరిగి ఇమ్మని అడగలేకపోతున్నాను.