చారల బ్రష్షూ, మేఘంలో ధనుస్సూ

ఆ రోజుల్లో పొదిలి బస్టాండు ఎదుట ఫ్లెక్సు షాపులో కూర్చున్నవాడికి తాను గొప్ప కళాకారుణ్ణన్న నమ్మకం కలగడానికి పెద్ద ప్రతిభేమీ అక్కర్లేదు, కూర్చున్నది తిరిగే కుర్చీ అయితే చాలు. నాది తిరిగేది. డిగ్రీలో కొన్ని సబ్జెక్టులు మిగుల్చుకున్న నన్ను మా నాన్న మిరప కల్లంలోకి వచ్చి తాలుకాయలు ఏరమంటుంటే, నేను డిజైనర్నని చెప్పి ఆ కుర్చీలో దాక్కున్నాను. ఆయన లెక్కలో అది ఉద్యోగం కాదు, నీడపట్టున కూర్చోవడం. ఆ కుర్చీ పోయిన మర్నాడే కల్లంలో ఉండాలని నా దగ్గర ముందే మాట తీసుకున్నాడు.

అలాంటి నాకు ఒకనాడు వీడియోలు చూస్తుండగా చారల బ్రష్షు విద్య అబ్బింది. గ్రేడియంటు అంటే మామూలుగా ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోవడం. నేను ఊదా నుంచి ఎరుపు దాకా అన్నిటినీ పక్కపక్కన నిలబెట్టి, ఒక్కో చారలో కాస్త మెరుపు వదిలి, లుంగీ అంచు లాంటి పట్టీ ఒకటి చేశాను. దాన్ని బ్రష్షుగా మార్చబోతే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు, గ్రేడియంటు ఉన్నది పనికిరాదు పొమ్మంది. అప్పుడు ఎక్స్‌పాండ్ కొట్టి, ఆ పట్టీని సన్నని రంగు ముక్కలుగా చీల్చి, ఆ కట్టను బ్రష్షుల వరసలో పడేస్తే నోరు మూసుకుని తీసుకుంది. ఇక మౌసు ఎటు లాగితే అటు చారలన్నీ కలిసికట్టుగా వంగుతూ వచ్చాయి. కరెంటు కనిపెట్టినవాడు కూడా ఆ సాయంత్రం నా అంత గర్వంగా టీ తాగి ఉండడు.

ఆ తర్వాత మా చుట్టుపక్కల నా బ్రష్షు బారిన పడని శుభకార్యం లేదు. ఓణీల ఫంక్షను ఫ్లెక్సులో అమ్మాయిని చారల మధ్య వెతుక్కోవాల్సి వచ్చేది. పురుగుమందుల కొట్టు బోర్డు చూసి పిల్లలు ఐస్‌క్రీము కావాలని ఏడ్చారు. చివరికి ఒక పెద్దాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సుకీ చుట్టూ చారలు తిప్పాను. మా నాయన బతికుండగా తెల్లచొక్కా తప్ప వెయ్యలేదండీ అంటూ కొడుకులు దాన్ని వెనక్కిచ్చారు. మా యజమాని (ఊరంతా ఆయన్ని ఫ్లెక్సన్న అనేది, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో) నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"ఆ చారలు ఇక నా కంటికి కనపడకూడదు. ఇంకొక్క ఫ్లెక్సు వెనక్కొచ్చిందా, దాంతోపాటు నువ్వూ ఇంటికెళ్ళు."

కళను ఈ లోకం ఎప్పుడు అర్థం చేసుకుంది గనక అని సరిపెట్టుకుని, నేను బ్రష్షు మానేశాను.

సరిగ్గా ఆ వారమే పాస్టరు గారు చర్చి సభల ఫ్లెక్సు కోసం ఫోన్ చేశారు. మేఘంలో ధనుస్సు పెద్దగా కనపడాలయ్యా, దేవుడి నిబంధనకు గుర్తు అది, అన్నారు. ఫ్లెక్సన్నకీ నాకూ తెలిసిన ధనుస్సు పౌరాణిక నాటకాల్లో రాజులు ఎత్తలేక చతికిలబడేది ఒక్కటే. కొత్తగా అబ్బిన వినయంతో రంగుల జోలికి పోకుండా, తెల్లని మేఘంలో బంగారు విల్లు పెట్టాను. ఖాళీ విల్లు బోసిగా ఉందని, సొంత తెలివితో బాణం కూడా ఎక్కుపెట్టాను. ఇదీ పద్ధతంటే, అని ఫ్లెక్సన్న మెచ్చుకున్నాడు కూడా.

పాస్టరు గారు వచ్చి ఫ్లెక్సు విప్పించి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. కింద పెద్దక్షరాల్లో దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని ఉంది. పైన మేఘంలోంచి బాణం సరిగ్గా చదివేవాడి గుండెకే గురిపెట్టి ఉంది.

"ప్రేమిస్తున్నాడని రాసి ఈ బాణం ఏంటి బాబూ?" అన్నారు.

కోప్పడలేదు ఆ మహానుభావుడు. మా బైబిల్లో ధనుస్సంటే వాన వెలిశాక ఆకాశంలో వస్తుందే, ఆ రంగురంగుల చారలయ్యా, అని విడమరిచి చెప్పారు. నా జన్మలో మొట్టమొదటిసారి ఒక మనిషి నోరు తెరిచి చారలు అడిగాడు, అదీ నేను మానేశాక. ఫ్లెక్సన్న నావైపు చూశాడు. కల్లం, ఎండ, తాలుకాయల ఘాటు అన్నీ కళ్ళముందు కదిలాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

"ఆ దరిద్రం ఇంకా ఉందిగా, గియ్యి," అన్నాడు ఫ్లెక్సన్న.

మౌసు ఒక్క వంపు తిప్పాను. పాస్టరు గారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ వెళ్ళారు. కుర్చీ దక్కింది. కానీ మాటంటే మాటేనంటూ ఫ్లెక్సన్న ఆ బాణం ఫ్లెక్సును చుట్టి నా చేతికిచ్చాడు, నీ బదులు ఇదన్నా ఇంటికెళ్ళాలని.

నా గొప్పతనానికి సాక్ష్యంగా అది ఇల్లు చేరిన రోజే మబ్బు పట్టింది. కల్లంలో కాయలు ఆరుతున్నాయి, కప్పడానికి పట్టాలు చాలలేదు. నాన్న ఏమీ అడక్కుండా దాన్ని లాక్కెళ్ళి, విల్లు ఆకాశంవైపు పెట్టి రాశి మీద కప్పాడు. గట్టి జల్లే పడింది. వెలిశాక ఎత్తి చూసి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. అప్పుడు నావైపు తిరిగాడు.

"నువ్వు ఆ పనిలోనే ఉండరా. వచ్చే పత్తికి ఇంకో రెండు ఫ్లెక్సులు చెడగొట్టు."

ఆయన నన్ను ఆ కుర్చీలో ఉండమనడం అదే మొదలు. కుర్రతనం కదా, కళకు దక్కిన గౌరవం అనుకుని చాలాకాలం పొంగిపోయాను. పత్తికి కావాల్సినవి చెడగొట్టడానికి మాత్రం నేను ప్రత్యేకంగా ఏమీ కష్టపడలేదు.